వార్డులో నిలబడదాం, బడి కమిటీలో కూర్చుందాం

(స్థానిక సంస్థల ఎన్నికల సన్నాహక సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని ఇక్కడికి పిలిచింది రాజకీయ ఉపన్యాసం కోసం కాదని మనవి చేస్తున్నాము. మా బృందంలో ఉన్నవారమంతా పదవీ విరమణ చేసిన చిన్న ఉద్యోగులం. గుమాస్తాలుగా, రికార్డు అసిస్టెంట్లుగా, బడిపంతుళ్ళుగా పనిచేసినవాళ్ళం. ప్రభుత్వ కార్యాలయంలో ఒక కాగితం ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఆగుతుందో, ఎవరు అడిగితే కదులుతుందో మూడు దశాబ్దాల పాటు బల్లకు అవతలి వైపు నుంచి చూసినవాళ్ళం. ఆ అనుభవమే ఇవాళ మీ ముందు పెడుతున్నాము.

ఆంధ్రప్రదేశ్‌లో 2021 మార్చి 10న పోలింగు జరిగి కొలువుదీరిన మునిసిపల్ పాలకవర్గాల అయిదేళ్ళ గడువు 2026 మార్చి వరకే. అంతకు ముందు నెల ఫిబ్రవరిలో నాలుగు విడతలుగా ఎన్నికైన పంచాయతీల పరిస్థితీ అదే. మన టీ కొట్ల దగ్గర, జుమా నమాజు తరువాత మసీదు మెట్ల మీద జరిగే చర్చలు వింటే మాత్రం, ఈ దేశంలో ఉన్నవి శాసనసభ, పార్లమెంటు రెండే అన్నట్టు ఉంటుంది. ఢిల్లీలో ఎవరు ఏమన్నారో మన కుర్రవాళ్ళకు కంఠోపాఠం. తమ వార్డు నంబరు అడిగితే పక్కవాడి వైపు చూస్తారు. ఇది నిష్ఠూరంగా తోచినా, ఈ సదస్సులో అనవలసిన మాటే.

రాజ్యాంగానికి 1992లో చేసిన 73వ, 74వ సవరణలు పంచాయతీలకు, పురపాలక సంఘాలకు రాజ్యాంగ ప్రతిపత్తి కల్పించాయి. 74వ సవరణతో చేరిన పన్నెండవ షెడ్యూలులో పట్టణ సంస్థలకు అప్పగించదగిన 18 అంశాలు ఉన్నాయి. ఆ జాబితాను మన కళ్ళతో ఒక్కసారి చదవండి. అందులో 14వ అంశం శ్మశానాలు, ఖబరస్తాన్‌లు. 16వది జనన మరణాల నమోదు. 18వది కబేళాల, తోళ్ళ పరిశ్రమల నియంత్రణ. మురికివాడల అభివృద్ధి, తాగునీరు, పారిశుద్ధ్యం, వీధి దీపాలు కూడా అందులోనివే. మన పుట్టుక, మన తిండి, మన బతుకుదెరువు, చివరికి మన మట్టి కూడా పురపాలక సంఘం పరిధిలోకే వస్తున్నాయి. వీటిలో ఏ ఒక్కటీ ఢిల్లీలో తేలదు. నెలకొకసారి మునిసిపల్ కార్యాలయం మేడమీద జరిగే సమావేశంలో, అజెండా కాగితంలోని ఒక వరుసలో తేలుతుంది.

మాకు తెలిసిన ఒక పట్టణంలో ఖబరస్తాన్‌కు వెళ్ళే బాట వానాకాలంలో మోకాలి లోతు మురుగు. జనాజాను భుజాన మోస్తూ ఆ నీటిలో నడిచినవారు ఈ హాలులోనూ ఉన్నారు. జమాత్ వారు ఏళ్ళ తరబడి అర్జీలు ఇస్తూ వచ్చారు. ప్రతి అర్జీకీ రసీదు ఉన్నది, ప్రతి రసీదు మీదా ముద్ర ఉన్నది. బాట మాత్రం అలాగే ఉన్నది. గుమాస్తాలుగా అసలు కారణం చెబుతాము. కౌన్సిలు తీర్మానం లేని పనికి అంచనా వేయరు, అంచనా లేని పనికి నిధి కేటాయించరు, నిధి లేని పనికి టెండరు పిలవరు. అర్జీ ఎంత బాగా రాసినా తపాలా విభాగం నుంచి సంబంధిత విభాగానికి వెళ్ళి 'పరిశీలించవలసినది' అన్న మాటతో అక్కడే పడి ఉంటుంది. ఆ మాట మేమూ వందలసార్లు రాసినవాళ్ళమే, దాని అర్థం మాకు తెలుసు. అదే పనిని ఒక కౌన్సిలరు అజెండాలో చేర్పించి, సమావేశంలో లేచి నిలబడి, మినిట్స్ పుస్తకంలో నమోదు చేయిస్తే ఇంజనీరు అంచనా వేసి తీరాలి. ఆ పట్టణంలో చివరికి బాట పడింది. అందుకు పట్టుబట్టినది ఆ వార్డులో కొత్తగా గెలిచిన ఒక దర్జీ. ఆయన గొప్ప వక్త కాదు. మూడు సమావేశాలలో వరుసగా అదే ప్రశ్న అడిగాడు, అంతే.

జనన నమోదు విషయం మరీ ముఖ్యం. 2023లో జనన మరణాల నమోదు చట్టాన్ని సవరించారు. అది 2023 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆ తేదీ తరువాత పుట్టిన పిల్లలకు బడిలో చేరిక మొదలు పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకీ, స్థలానికీ జనన ధ్రువపత్రమే ఆధారం. పుట్టిన 21 రోజులలోపు నమోదు చేయిస్తే పని తేలిక. ఏడాది దాటితే మేజిస్ట్రేటు స్థాయి ఉత్తర్వు కావాలి. మన మొహల్లాలలో ఎందరు తల్లులు కాన్పు చీటీని దిండు కింద పెట్టి మరచిపోతారో మీకు తెలుసు. 'షేక్' ఒక కాగితంలో ముందు, మరో కాగితంలో వెనుక. 'మస్తాన్ వలీ' ఒక చోట రెండు మాటలు, మరో చోట ఒక్క మాట. ఈ చిన్న తేడాలు ఇరవై ఏళ్ళ తరువాత ఎంత పెద్ద గోడలవుతాయో ఈ మధ్యకాలంలో దేశమంతా చూసింది. వార్డు సభ్యుడు తన వార్డులో పుట్టిన ప్రతి బిడ్డ కాగితాన్నీ పట్టించుకునేవాడైతే సగం బెంగ తీరుతుంది.

ఇప్పుడు కొందరు పెద్దలకు రుచించని సంగతి చెప్పవలసి ఉన్నది. మన దగ్గర మైనారిటీలకు కో-ఆప్షన్ సభ్యత్వం ఉన్నది. మండల పరిషత్తులో ఒకరు, జిల్లా పరిషత్తులో ఇద్దరు, పురపాలక సంఘాలలోనూ కొందరు. 2006లో నివేదిక సమర్పించిన సచార్ కమిటీ, స్థానిక సంస్థలలో మైనారిటీల ప్రాతినిధ్యానికి ఆంధ్రప్రదేశ్ తీసుకున్న చొరవను ఇతర రాష్ట్రాలకు ఉదాహరణగా చూపింది. ఆ ఏర్పాటును మేము చిన్నబుచ్చడం లేదు. అది లేని రాష్ట్రాలలో మనవారి గొంతు అసలే వినపడదు. అయితే కో-ఆప్షన్ సభ్యునికి చర్చలో పాల్గొనే హక్కు ఉన్నది గాని ఓటు లేదు. ఆయనను ఎన్నుకునేది మనం కాదు, గెలిచివచ్చిన సభ్యులు. తనను కూర్చోబెట్టిన వారిని ఆయన ఎంత గట్టిగా ప్రశ్నించగలడు? ఎన్నికల ముందు పార్టీల వారు మన పెద్దలను పిలిచి, 'మీకు కో-ఆప్షన్ మాది పూచీ, మొహల్లా ఓట్లు మీది పూచీ' అంటారు. ఒక్క కుర్చీకి అయిదారు వార్డుల ఓట్లు చెల్లిపోతాయి. ఈ బేరం ఏ ధర్మకాటా మీద పెట్టినా సరితూగదు. పైగా మొహల్లా ఓట్లు ఎవరి జేబులోనివీ కావు, వాటికి పూచీ పడే అధికారం జమాత్‌కు ఎవరూ ఇవ్వలేదు.

రిజర్వేషన్ల గురించి మనవారిలో ఉన్న అయోమయం పోవాలి. స్థానిక సంస్థలలో ముస్లింలకు మతం పేరిట ప్రత్యేక స్థానాలు లేవు. కాని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 చట్టం ద్వారా ముస్లింలలో వెనుకబడిన 14 తరగతులను బీసీ-ఇ గా గుర్తించారు. దూదేకుల, నూర్‌బాష్, పింజారి సోదరులు అంతకు ముందు నుంచే బీసీ-బి లో ఉన్నారు. వీరందరూ బీసీలకు కేటాయించిన వార్డులలో పోటీ చేయవచ్చు. హైదరాబాదు మహానగర పాలక సంస్థకు 2020 డిసెంబరులో జరిగిన ఎన్నికలలో బీసీ వార్డుల నుంచి ముస్లింలు గెలవడం, దాని మీద కొందరు గోల చేయడం పత్రికలలో చూసే ఉంటారు. చట్టంలో ఉన్న హక్కునే వారు వినియోగించుకున్నారు. సయ్యద్, పఠాన్, మొగల్ వంటివారు ఈ జాబితాలో లేరు, వారికి జనరల్ స్థానాలున్నాయి. 'వార్డు బీసీ అయింది, మనకేం పని' అని నిట్టూర్చే షేక్ సోదరుడు తహసీల్దారు ఇచ్చే కుల ధ్రువపత్రం ఒకసారి తీసి చూసుకోవాలి.

దీనికి ముందే జరిగే మరో పని ఉన్నది, అది ఎవరి దృష్టికీ రాదు. వార్డుల రిజర్వేషన్లు తేల్చడానికి ముందు ఓటర్లలో ఎవరు ఏ తరగతి వారో గుర్తించే సర్వే జరుగుతుంది. సిబ్బంది ఇంటింటికీ వస్తారు. మగవాళ్ళు పనికి వెళ్ళి ఉంటారు, ఆడవాళ్ళు తలుపు ఓరగా తీసి 'ముసల్మానులం' అని చెప్పి పంపేస్తారు. రాసుకునేవాడు తొందరలో 'ఇతరులు' అన్న గడిలో గీత గీస్తాడు. అలా ఒక మొహల్లా మొహల్లా బీసీ లెక్కలోంచి జారిపోతుంది. ముసాయిదా జాబితా ప్రకటించి అభ్యంతరాలు కోరినప్పుడు దానిని తెరిచి చూసే నాథుడు ఉండడు. ఆ జాబితాను ప్రతి వార్డులో ఇద్దరు చదువుకున్న పిల్లలు, వీలైతే ఆడపిల్లలు, వేలు పెట్టి వరుస వరుసా చదవాలి. ఇదేమీ వీరోచిత కార్యం కాదు. కాని మేము ఉద్యోగంలో నేర్చుకున్న వాటిలో అన్నిటికన్నా విలువైనది ఇదే.

ఓటర్ల జాబితా మాటా అంతే. స్థానిక ఎన్నికల జాబితా శాసనసభ జాబితా నుంచే తయారవుతుంది. పేరు లేకపోతే ఫారం 6, తప్పుంటే, ఇల్లు మారితే ఫారం 8. పద్దెనిమిదేళ్ళు నిండినవారు ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల మొదటి తేదీలను అర్హతా తేదీలుగా తీసుకొని చేరవచ్చు. ఫారం 7 తొలగింపుల కోసం. మీ పేరు మీద ఎవరో ఫారం 7 వేస్తే వచ్చే నోటీసును నిర్లక్ష్యం చేయకండి. అద్దె ఇళ్ళలో ఉండే మనవారు రెండేళ్ళకొకసారి వీధి మారుతారు, ఓటు మాత్రం పాత వీధిలోనే ఉంటుంది. వార్డు ఎన్నికలో ఇది ప్రాణాంతకం. ఎందుకంటే ఇక్కడ గెలుపోటములు వేలల్లో తేలవు. గ్రామపంచాయతీ వార్డులో పది ఓట్ల తేడాతో గెలిచినవారున్నారు, లాటరీ తీసిన సందర్భాలూ ఉన్నాయి.

లెక్క ఒకటి చెబుతాము, కుర్రవాళ్ళు శ్రద్ధగా వినండి. ఒక మునిసిపల్ వార్డులో 2,000 ఓట్లు ఉన్నాయనుకుందాం. అందులో మనవి 800. నూటికి 65 మంది ఓటు వేస్తే పోలయ్యేవి 1,300, అందులో మనవి 520. మన నుంచి ముగ్గురు నిలబడి 200, 180, 140 పంచుకున్నారనుకోండి. అవతల ఒక్కడు 450 తెచ్చుకొని గెలిచి, బాణసంచా మన వీధిలోనే కాలుస్తాడు. సరే, మనమంతా ఏకమై ఒక్కరినే నిలబెట్టాము, ఎదుటివారూ ఏకమయ్యారు. అప్పుడు 780 ఎదుట మన 520 ఏపాటి? మొదటి లెక్క చెప్పి 'ఐక్యత, ఐక్యత' అని ప్రసంగించేవారు రెండో లెక్క చెప్పరు. ఈ రెండూ కలిపి చూస్తేనే విషయం బోధపడుతుంది. మనలో ఒక్కరే నిలబడాలి, ఆ ఒక్కరు పక్క వీధి యాదవులకు, మాల మాదిగలకు, కోమట్లకు కూడా నచ్చినవారై ఉండాలి.

అందుకు ఎన్నికల నెలలో తిరిగితే చాలదు. పక్క వీధి కుళాయి దగ్గర గొడవ వచ్చినప్పుడు, ఆసుపత్రిలో రక్తం కావలసి వచ్చినప్పుడు, కరోనా కాలంలో వలె శవాన్ని మోసేందుకు నలుగురు కరువైనప్పుడు వెళ్ళినవారిని వార్డు మరచిపోదు. మన తెలుగు ఊళ్ళలో పీర్ల పండుగకు నిప్పుల గుండం తవ్వేది ఎవరో, ఉరుసుకు చక్కెర చదివించేది ఎవరో మనకు తెలియనిది కాదు. ఆ అల్లిక ఇంకా తెగిపోలేదు. తెంచాలని చూసేవారు ఉన్నారు గనుక మనం మరింత ఓపికగా పట్టుకోవాలి.

ఈ సందర్భంలో మసీదు కమిటీల వారికి ఒక విన్నపం. ఎన్నికల నియమావళి ప్రకారం మసీదు, గుడి, చర్చి ఏదైనా ప్రచార వేదిక కారాదు. మతం పేరిట ఓటు అడగడం చట్టరీత్యా అవినీతికర చర్య, గెలిచిన ఎన్నికే రద్దు కావచ్చు. మైకులో అభ్యర్థి పేరు చదివిన మరుక్షణం ఎదుటివాడి చేతికి మనమే కత్తి ఇచ్చినట్టు. ఓటు నమోదు చేయించుకోండని చెప్పడం వేరు, ఫలానావారికి వేయండనడం వేరు. మొదటిది పౌరధర్మం. రెండోదానికి షాదీఖానా ఉన్నది, వీధి కూడలి ఉన్నది, ఇంటి గడప ఉన్నది.

మరి ఆ ఒక్కరినీ ఎన్నుకోవడం ఎలా? ఇప్పటిదాకా జరుగుతున్న పద్ధతి మీరెరుగుదురు. నలుగురు పెద్దలు ఒక ఇంట్లో బిర్యానీ తిని, పదిహేను నిమిషాలలో తేలుస్తారు. తేలినవాడు సాధారణంగా ఆ ఇంటి అల్లుడై ఉంటాడు. (నవ్వకండి, మీలో ఆ అల్లుళ్ళూ ఉన్నారు.) ఆశావహులందరినీ బహిరంగంగా కూర్చోబెట్టి ప్రశ్నలు అడగాలని మా అభిప్రాయం. వార్డు హద్దులు చెప్పగలరా? మంచినీటి ట్యాంకు ఎప్పుడు కడుగుతారో తెలుసా? నోటీసు చదివి అర్థం చేసుకోగలరా, లేకుంటే చదివిపెట్టే మనిషి ఉన్నాడా? అప్పులెన్ని? రియల్ ఎస్టేట్ వ్యాపారంలో వాటాలున్నాయా? వక్ఫ్ స్థలం ఆక్రమణలో ఉన్నాడా? ఈ చివరి ప్రశ్నకు కొందరు లేచి వెళ్ళిపోతారు, అదీ మంచిదే. ఎంపికైనవారికి మిగతావారు నామినేషన్ ఉపసంహరణ గడువులోగా దారి ఇవ్వాలి. ఉపసంహరణకు డబ్బు పుచ్చుకొనేవాడిని, ఇచ్చేవాడిని వీధి ఒకే తీరుగా చూడాలి.

అక్కాచెల్లెళ్ళకు ఇప్పుడు నేరుగా చెబుతున్నాము. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ స్థానిక సంస్థలలో సగం స్థానాలు మహిళలకు కేటాయించినవి. అంటే మన వార్డులలో సగం మీవే. వార్డు మహిళకు రిజర్వు అయిందనగానే మగవాళ్ళు ఇంట్లో ఆధార్ కార్డులు వెతకడం మొదలుపెడతారు. ఏ భార్య కార్డు సరిగా ఉంటే ఆమె అభ్యర్థి. గెలిచాక ఆమె ప్రమాణ స్వీకారానికి ఒక్కసారి వస్తుంది, మిగతా అయిదేళ్ళు ఆమె కుర్చీ వెనుక భర్త నిలబడి ఉంటాడు. ఇది ముస్లింల జబ్బే కాదు, ఊరందరిదీ. కాని దానికి మన దగ్గర 'పరదా' అనే పేరు తగిలించి ధర్మంగా చలామణీ చేస్తున్నారు. బుర్ఖా వేసుకొని బ్యాంకుకు, ఆసుపత్రికి, రేషన్ దుకాణానికి వెళ్ళే మనిషి కౌన్సిలు హాలుకు ఎందుకు వెళ్ళకూడదో ఎవరైనా వివరిస్తే వింటాము. పొదుపు సంఘాల లెక్కలు అణా పైసలతో రాసే ఆడవాళ్ళు మన మొహల్లాలలో ఎందరో ఉన్నారు. బీడీలు చుట్టి, జరీ కుట్టి, ముగ్గురు పిల్లలను చదివించిన తల్లికి మునిసిపల్ బడ్జెట్ అర్థం కాదంటే మేము నమ్మము.

ముగ్గురు పిల్లలన్నాము గనుక ఇంకొక మాట. ఇద్దరికి మించి సంతానం ఉంటే పోటీకి అనర్హులన్న నిబంధన వల్ల మనవారు ఎందరో వెనకడుగు వేశారు. 1994 పంచాయతీరాజ్ చట్టంలోని ఆ నిబంధనను, మునిసిపల్ చట్టాలలోని అలాంటి నిబంధనలను 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తొలగించింది. ఈ సంగతి ఇప్పటికీ చాలా ఇళ్ళకు చేరలేదు. ఇవాళ చేర్చండి. తెలంగాణ నుంచి వచ్చిన అతిథులు తమ రాష్ట్రపు తాజా చట్టాన్ని ఎన్నికల అధికారి దగ్గర సరిచూసుకోవాలి.

నామినేషన్ పత్రం గురించి క్లుప్తంగా చెబుతాము. వయస్సు 21 నిండాలి. ప్రతిపాదించేవారు అదే వార్డు ఓటరై ఉండాలి. ఆస్తులు, అప్పులు, కేసుల వివరాల ప్రమాణ పత్రంలో ఏ గడినీ ఖాళీగా వదలరాదు, లేకపోతే 'లేదు' అని రాయాలి. పన్ను బకాయి లేదన్న రసీదు ముందే తెచ్చుకోవాలి. ప్రభుత్వ ఉద్యోగులు, ప్రభుత్వ సాయంతో నడిచే సంస్థల ఉద్యోగులు అనర్హులు. ఓటరు జాబితాలో పేరు ఎలా ఉన్నదో పత్రంలో అలాగే రాయండి. మీ అమ్మీ పిలిచే పేరు అక్కడ పనికిరాదు. గెలిచినా ఓడినా, ఫలితం ప్రకటించిన 45 రోజులలో ఖర్చుల లెక్క దాఖలు చేయాలి. ఓడిపోయినవారు దీనిని వదిలేసి, తరువాతి ఎన్నికకు అనర్హులమని తెలిసి లబోదిబోమనడం మేము చూశాము.

ఇక బడి సంగతి. అమెరికాలో స్థిరపడిన మన హైదరాబాదు, గుంటూరు బంధువులు అక్కడ పాఠశాల బోర్డులకు ఎన్నికలు జరుగుతాయని, పాఠ్యాంశాల నుంచి పండుగ సెలవుల దాకా ఆ బోర్డులే నిర్ణయిస్తాయని చెబుతుంటారు. మనకు అలాంటి బోర్డు లేదు. కాని 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడులలో పాఠశాల యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగం మంది మహిళలే. బడి పనితీరును పర్యవేక్షించడం, అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం, నిధుల వినియోగాన్ని చూడడం దాని విధులు. మైనారిటీలు నడిపే ఎయిడెడ్ బడులలో మాత్రం ఈ కమిటీకి సలహా పాత్రే.

2024 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ బడులలో ఈ కమిటీల ఎన్నికలు జరిగాయి. మా దృష్టికి వచ్చిన ఒక ఉర్దూ ప్రాథమిక పాఠశాలలో తల్లిదండ్రులకు కబురు అందేసరికి ఎన్నిక ముగిసింది. సంతకాల పుస్తకంలో మాత్రం కోరం నిండుగా ఉన్నది. కమిటీ అధ్యక్షురాలికి తాను అధ్యక్షురాలినన్న సంగతి చెక్కు మీద సంతకానికి పిలిచినప్పుడు తెలిసింది! అయితే ఆమె ఊరుకోలేదు. చదువు అయిదో తరగతే. పొరుగింటి డిగ్రీ అమ్మాయిని వెంటబెట్టుకొని వెళ్ళి, పాత తీర్మానాలన్నీ చదివించుకొని, మరుగుదొడ్ల మరమ్మతుకు వచ్చిన సొమ్ము దేనికి ఖర్చయిందో అడిగింది. రెండు నెలల తరువాత మరుగుదొడ్లకు తలుపులు వచ్చాయి. నాలుగు, అయిదు తరగతుల ఆడపిల్లలు మధ్యాహ్నం ఇంటికి పరుగెత్తడం మానారు.

ఉర్దూ మాధ్యమం బడుల భవితవ్యం ఈ కమిటీలతోనే ముడిపడి ఉన్నదని మా దృఢ విశ్వాసం. రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం భాషా మైనారిటీల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పించే బాధ్యతను రాష్ట్రాల మీదనే గాక స్థానిక సంస్థల మీద కూడా పెట్టింది. ఆ మాట ఎంతమంది కౌన్సిలర్లకు తెలుసు? ఉర్దూకు తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో రాష్ట్రమంతటా రెండవ అధికార భాష హోదా వచ్చింది. సన్మాన సభలు జరిగాయి, శాలువాలు కప్పారు. మరోవైపు బడిలో పిల్లల సంఖ్య తగ్గితే టీచరు పోస్టు తరలిపోతుంది, టీచరు పోతే ఉన్న పిల్లలూ పోతారు. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లు ఉండాలి. ఒక్కరే ఉన్న చోట ఈ విషయాన్ని తీర్మానంగా రాసి పంపే హక్కు, బాధ్యత కమిటీవి. ఉర్దూ మీద ముషాయిరాలలో కన్నీరు పెట్టుకునే పెద్దలు ఒక్క పూట వచ్చి ఆ తీర్మానం రాసిపెడితే ఉర్దూకు ఎక్కువ మేలు జరుగుతుంది. పిల్లలను ఉర్దూ మాధ్యమంలోనే చదివించండని మేము ఎవరినీ నిర్బంధించము, ఇంగ్లీషు మీద తల్లులకున్న ఆశ అర్థం చేసుకోదగినదే. తెలుగు మాధ్యమం బడిలోనైనా ఉర్దూను ఒక భాషగా నేర్పే టీచరును అడగవచ్చు. కమిటీలో మన తల్లి ఒకరు ఉంటే ఆ అడగడం సాగుతుంది.

బడి కమిటీ మరో విధంగానూ ఉపయోగపడుతుంది. నేరుగా మునిసిపల్ ఎన్నికలో దిగడానికి జంకే స్త్రీకి ఇది తొలి మెట్టు. ఇక్కడ రంగు జెండాలు లేవు, ఖర్చు లేదు. సమావేశంలో మాట్లాడడం, మినిట్స్ చదవడం, సంతకం చేసే ముందు ప్రశ్నించడం ఇక్కడే అలవాటవుతాయి. రెండేళ్ళు ఈ పని చేసిన తల్లి వార్డులో నిలబడితే ఆమెను ఎవరూ కుర్చీకి వేలాడదీసిన బొమ్మగా మార్చలేరు.

మేము మాట్లాడినంత సేపూ వెనుక వరుసలోని యువకుల ముఖాలలో ఒక ప్రశ్న కనపడుతున్నది. 'ఇంత ద్వేషం నడుస్తున్న రోజుల్లో మాకు ఎవరు ఓటేస్తారు?' అని. న్యాయమైన ప్రశ్న. కొన్ని వార్డులలో నిజంగానే వేయరు. అక్కడ మన మనిషే గెలవాలని పట్టుపట్టకుండా, మన వీధిని సమానంగా చూసే మంచి మనిషిని, ఆయనది ఏ మతమైనా, బలపరచాలి. ఎన్నికలకు ముందు కూర్చోబెట్టి ఖబరస్తాన్ బాట, ఉర్దూ టీచరు పోస్టు, మురుగుకాల్వ అన్న మూడు విషయాలు కాగితం మీద రాయించుకోవాలి. కాని ఏ వార్డులో వేస్తారో, ఏ వార్డులో వేయరో నిలబడకుండా ఇంట్లో కూర్చొని తేల్చడం తగదు. చాలా వార్డులలో మనం అడగనే లేదు.

హాలు వెనుక మూడు బల్లలు వేసి ఉన్నాయి. మొదటి బల్ల దగ్గర వార్డుల వారీ ఓటరు జాబితాలు ఉన్నాయి, మీ ఇంటివారి పేర్లు చూసుకొనే వెళ్ళండి. రెండో బల్ల దగ్గర ఫారం 6, ఫారం 8 నింపిపెట్టడానికి మా బృందం వారు కూర్చున్నారు, వారి చేతిరాత గురించి బెంగపడనవసరం లేదు, జీవితమంతా వారు చేసిన పని అదే. మూడో బల్ల ఆడవాళ్ళది. బడి కమిటీలో గాని, వార్డులో గాని నిలబడాలన్న ఆలోచన ఉన్నవారు పేరు, వార్డు నంబరు అక్కడ రాసి ఇవ్వండి. అసర్ నమాజు తరువాత వారందరితో విడిగా కూర్చుంటాము. భర్తలు బయట చాయ్ తాగవచ్చు.